ఇంగ్లీష్ సాహిత్యానికి ఆర్కైవ్‌లు, ప్రైమరీ సోర్సులు వాడుకోవడం ఎలా?

"మా గైడ్ ప్రైమరీ సోర్సులు చూడమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు." సాహిత్య విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. వెంటనే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: "దీనికోసం లండన్ దాకా వెళ్లాలా?" ముందు రెండోదానికి జవాబు చెప్పేస్తాను. చాలా పనులకి అక్కర్లేదు. వెళ్లాల్సి వచ్చినా అది ఆఖరి మెట్టు, మొదటిది కాదు. మొదటి ప్రశ్నకి జవాబు కొంచెం పెద్దది. ఇదంతా దాని కోసమే.

ప్రైమరీ సోర్స్ అంటే మీరు చదువుతున్న రచనతో నేరుగా సంబంధం ఉన్నవాళ్ల చేతుల్లోంచి వచ్చిన కాగితం. అలాంటి కాగితాలను భద్రపరిచే చోటే ఆర్కైవ్. రచయిత చిత్తుప్రతి, ఉత్తరాలు, డైరీ, పుస్తకం మొదటి ముద్రణ, నవల ధారావాహికగా వచ్చిన పత్రిక, ఆనాటి సమీక్షలు, ప్రచురణకర్త జమాఖర్చుల పుస్తకం అన్నీ ఇందులోకే వస్తాయి. తర్వాతి తరాల విమర్శకులు రాసింది సెకండరీ. సిద్ధాంతం ఇంత చాలు.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం: మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్', విక్టర్ అనే యువకుడు ఒక ప్రాణిని తయారుచేసే నవల. దీన్ని ఎంచుకోవడానికి కారణం సులువు. చిత్తుప్రతి నుంచి చివరి ముద్రణ దాకా ముఖ్యమైనవన్నీ ఇంట్లో కూర్చుని చూడొచ్చు. మీరు పనిచేసే రచన వేరైనా పద్ధతి మారదు.

కావాల్సినవి

ఒక చిన్న ప్రశ్న. మీ రచనకి మంచి పరిష్కృత ప్రతి ఒకటి, అంటే వెనకాల పాఠాంతరాల పట్టిక, ముద్రణ చరిత్ర ఉన్న ఎడిషన్. ఇంటర్నెట్, కాస్త పెద్ద తెర ఉన్న కంప్యూటర్. ఫోన్‌లో రాతప్రతి చదవాలని చూడకండి, కళ్లు పోతాయి, పని జరగదు. నోట్స్‌కి స్ప్రెడ్‌షీట్ గానీ గీతల పుస్తకం గానీ. యూనివర్సిటీ లైబ్రరీ లాగిన్ ఉంటే మంచిదే, లేకపోయినా మొదలుపెట్టొచ్చు.

ఇంకొకటి ఓపిక. పాత చేతిరాతలో ఒక్క పేజీ చదవడానికి మొదటిసారి ఒక సాయంత్రం మొత్తం పడుతుంది. అది మీ తప్పు కాదు. పదో పేజీకి వేగం దానంతటదే వస్తుంది.

1. ప్రశ్నను చిన్నది చేయండి

'మేరీ షెల్లీ నవలలో స్త్రీ పాత్రలు' అనేది వ్యాసానికి శీర్షికగా బాగానే ఉంటుంది. ఆర్కైవ్‌కి పనికిరాదు. ఏ కాగితం తీసినా అందులో ఎంతో కొంత సంబంధం కనిపిస్తుంది, నెల తిరిగేసరికి నోట్స్ కొండలా పెరుగుతాయి, చెప్పడానికి మాత్రం ఏమీ ఉండదు. దాన్ని ఇలా కుదించండి: '1818 ముద్రణలో ఎలిజబెత్ (విక్టర్ పెళ్లాడే అమ్మాయి) పుట్టుపూర్వోత్తరాలు 1831 ముద్రణలో ఎలా మారాయి?'

ప్రశ్న సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. దీనికి జవాబు ఏ కాగితం మీద ఉంటుందో మీరు చెప్పగలరా? చెప్పగలిగితే ముందుకెళ్లండి. లేకపోతే ప్రశ్న ఇంకా పచ్చిగానే ఉన్నట్టు.

'ఎందుకు మార్చింది' అని అడగాలని మనసు లాగుతుంది. ఆగండి. ఏం మారిందో కాగితం చూపిస్తుంది. ఎందుకన్నది చాలాసార్లు చూపించదు. ముందు మొదటిది తేల్చుకోండి.

2. రచనకు ఎన్ని రూపాలున్నాయో రాసుకోండి

చాలామంది దాటేసేది ఈ మెట్టునే. మీ చేతిలో ఉన్న పేపర్‌బ్యాక్ 'అసలు' రచన కాదు, అనేక రూపాల్లో ఒకటి. ఫ్రాంకెన్‌స్టైన్ సంగతే చూడండి:

1816–17: నోట్‌బుక్కుల్లో చిత్తుప్రతి. మొత్తం మిగల్లేదు గానీ చాలా భాగం ఉంది. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉంది.
1818: మొదటి ముద్రణ, 3 సంపుటాలు, 500 ప్రతులు. రచయిత పేరు లేదు. ముందుమాట రాసింది భర్త పెర్సీ షెల్లీ.
1823: రెండో ముద్రణ, 2 సంపుటాలు, ఈసారి మేరీ పేరుతో.
1818 ముద్రణలోనే ఒక ప్రతి: మేరీ స్వయంగా అంచుల్లో సవరణలు రాసి మిసెస్ థామస్ అనే ఆవిడకి ఇచ్చింది. ఇప్పుడది న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలో ఉంది.
1831: ఒకే సంపుటంగా, బాగా సవరించి, మేరీ రాసిన కొత్త ముందుమాటతో.

మీ రచనకీ ఇలాంటి జాబితా ఒకటి చేయండి. సమాచారమంతా పరిష్కృత ప్రతి వెనక పేజీల్లో దొరుకుతుంది. 'హామ్లెట్' తీసుకుంటే 1603 క్వార్టో, 1604–05 క్వార్టో, 1623 ఫోలియో అని మూడు వస్తాయి (క్వార్టో చిన్న సైజు పుస్తకం, ఫోలియో పెద్ద సైజుది). మొదటి అంకంలో హామ్లెట్ తన శరీరం గురించి చెప్పే మాట ఫోలియోలో 'సాలిడ్', క్వార్టోల్లో 'శాలీడ్' (sallied). కొందరు పరిష్కర్తలు (ఎడిటర్లు) దాన్ని 'సల్లీడ్' (sullied) అని దిద్దుతారు. ఒకటి గట్టిదనం, ఒకటి మైల. ఆ ఒక్క మాట మీద పేజీలకి పేజీలు విశ్లేషణ రాసేముందు మీ పుస్తకం ఏ పాఠాన్ని పాటించిందో చూసుకోవాలా వద్దా?

3. ఏది ఎక్కడుందో వెతకండి

గూగుల్‌లో వెతికితే సగం దొరుకుతుంది, మిగతా సగానికి కేటలాగులే గతి.

1473 నుంచి 1800 వరకు అచ్చయిన పుస్తకాలకు ఇంగ్లీష్ షార్ట్ టైటిల్ కేటలాగ్. 1450–1700 మధ్య సాహిత్య రాతప్రతులకు కేటలాగ్ ఆఫ్ ఇంగ్లీష్ లిటరరీ మాన్యుస్క్రిప్ట్స్, ఇది ఉచితం. ఆ తర్వాతి రచయితల ఉత్తరాలు, రాతప్రతులు బ్రిటన్‌లో ఏ లైబ్రరీలో ఉన్నాయో తెలియాలంటే రెడింగ్ యూనివర్సిటీ నడిపే లొకేషన్ రిజిస్టర్. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వారి 'డిస్కవరీ' అనే కేటలాగులో తమ సొంత కాగితాలతో పాటు ఇతర ఆర్కైవ్‌ల వివరాలూ ఉంటాయి.

ఇంగ్లీష్ రచయితల కాగితాలు ఇంగ్లండ్‌లోనే ఉంటాయనుకుంటే పొరపాటు. షేక్‌స్పియర్ మొదటి ఫోలియోలు 82 వాషింగ్టన్‌లోని ఫోల్జర్ లైబ్రరీలో ఉన్నాయి. కీట్స్ ఉత్తరాలు, రాతప్రతులు పెద్ద మొత్తంలో హార్వర్డ్ హౌటన్ లైబ్రరీలో ఉన్నాయి. 20వ శతాబ్దపు రచయితల కోసం వెతికేవాళ్లు టెక్సస్ యూనివర్సిటీ హ్యారీ రాన్సమ్ సెంటర్ చూడకుండా ఉండకూడదు.

సేకరణ దొరికాక దాని 'ఫైండింగ్ ఎయిడ్' తెరవండి. ఏ పెట్టెలో ఏముందో చెప్పే వివరణ పట్టిక అది. వెంటనే పెట్టె నంబరుకి దూకకుండా మొదటి రెండు పేజీలు చదవండి. ఆ కాగితాలు ఎవరి దగ్గర్నుంచి వచ్చాయి, ఎవరు సర్దారు, ఏవి లేవు అన్నవి అక్కడే ఉంటాయి. ఆ తర్వాత షెల్ఫ్‌మార్క్ రాసుకోండి. ఒక వస్తువుకి లైబ్రరీ ఇచ్చిన గుర్తింపు సంఖ్య అది. చుక్కలు, ఖాళీలతో సహా ఉన్నదున్నట్టు రాయాలి.

4. తెర మీద చూడగలిగినంత చూడండి

ఫ్రాంకెన్‌స్టైన్ చిత్తుప్రతి షెల్లీ–గాడ్విన్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉంది. ఒక పక్కన పేజీ బొమ్మ, ఇంకో పక్కన లిప్యంతరీకరణ, అంటే చేతిరాతని ఉన్నదున్నట్టు టైపు చేసిన పాఠం. ఏది మేరీ చేతిరాత, ఏది పెర్సీ చేతిరాత అన్నది విడిగా చూసుకునే సదుపాయం కూడా ఉంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. విలియం బ్లేక్ ఆర్కైవ్ 1996 నుంచి నడుస్తోంది. బ్లేక్ తన పుస్తకాలను తానే అచ్చువేసి రంగులు వేసేవాడు కాబట్టి ఒకే కవిత ఒక్కో ప్రతిలో ఒక్కోలా కనిపిస్తుంది. 'టైగర్' కవితలో పులి ఒక ప్రతిలో భయపెడుతుంది, ఇంకో ప్రతిలో బొమ్మ పిల్లిలా ఉంటుంది. డికెన్స్ నడిపిన వారపత్రికలు డికెన్స్ జర్నల్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' 1860 డిసెంబర్ నుంచి 1861 ఆగస్టు వరకు వారం వారం ఎలా వచ్చిందో, దాని పక్కన పాఠకులు ఇంకేం చదివారో అక్కడ చూడొచ్చు. జేన్ ఆస్టిన్ కథల రాతప్రతులకు, మొదటి ప్రపంచ యుద్ధ కవులకు, ఎమిలీ డికిన్సన్‌కు కూడా విడివిడిగా డిజిటల్ సేకరణలున్నాయి. పాత అచ్చు పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్, హాతీట్రస్ట్ చాలు. 1700కి ముందు అచ్చయిన పుస్తకాల్లో సుమారు 25,000 పాఠాలను మనుషులు టైపు చేసి సిద్ధం చేస్తే, 2015లో వాటిని అందరికీ ఉచితంగా విడుదల చేశారు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు.

వెతుకులాట పెట్టెను నమ్మకండి. 18వ శతాబ్దపు అచ్చులో 'ఎస్' అక్షరం పొడుగ్గా, 'ఎఫ్' లాగా ఉంటుంది. స్కాన్ చేసిన యంత్రం దాన్ని ఎఫ్ అనే చదువుతుంది. మీరు 'సిస్టర్' అని వెతికితే అది 'ఫిఫ్టర్'గా దాక్కుని ఉండొచ్చు. రెండు రకాలుగానూ వెతకండి. ఏమీ దొరకలేదని వచ్చినంత మాత్రాన ఆ మాట పుస్తకంలో లేదని రాసేయకండి.

ఉచిత ఈ-పుస్తకాల సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ చదువుకోవడానికి బాగుంటుంది, ఆధారంగా చూపించడానికి కాదు. ఏ ముద్రణ నుంచి టైపు చేశారో చాలా ఫైళ్లలో స్పష్టంగా ఉండదు. గూగుల్ బుక్స్‌లో సంవత్సరం తప్పుగా ఉండడం మామూలే, ముఖ్యంగా పత్రికల విషయంలో. టైటిల్ పేజీ బొమ్మ తెరిచి మీ కళ్లతో చూడండి.

మూడోది, మీకు కావాల్సిన పేజీలను అనుమతి ఉన్నంత మేరకు అప్పటికప్పుడే దాచుకోండి. 2023 అక్టోబర్‌లో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగినప్పుడు కేటలాగుతో సహా ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి అందలేదు. థీసిస్ గడువు దగ్గరపడినవాళ్ల టెన్షన్ ఊహించుకోండి.

5. చేతిరాత చదవండి, ఉన్నదున్నట్టు ఎత్తిరాయండి

ఇదే అసలు పని, కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ముందు పేజీ మొత్తాన్ని అర్థం చేసుకోవాలని చూడకండి. స్పష్టంగా ఉన్న మాటలు పట్టుకోండి. తేదీలు, పేర్లు, తరచూ వచ్చే చిన్న పదాలు. వాటిలోంచి ఆ చేతి అక్షరమాల తయారుచేసుకోండి: ఈమె 'డి' ఎలా రాస్తుంది, 'ఆర్' ఎలా రాస్తుంది. ఒక కాగితం మీద ఒక్కో అక్షరాన్ని చూసి గీయండి. తర్వాత తెలియని మాట వచ్చినప్పుడు అర్థాన్ని బట్టి ఊహించే బదులు ఈ పట్టికతో పోల్చండి. 16, 17 శతాబ్దాల 'సెక్రటరీ హ్యాండ్' అనే చేతిరాత శైలి మీద పనిచేసేవాళ్లకి ఊహ అసలు పనికిరాదు. దానికి బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచిత పాఠాలున్నాయి, అవి పూర్తిచేశాకే ముందుకెళ్లండి.

ఎత్తిరాసేటప్పుడు స్పెల్లింగ్ దిద్దకూడదు. విరామచిహ్నాలు చేర్చకూడదు. వరుస ఎక్కడ విరిగితే అక్కడే విరవాలి. మూడు గుర్తులు చాలు: కొట్టేసిన మాటకి కోణాల బ్రాకెట్, పైన చేర్చిన మాటకి రెండు వైపులా బాణం గుర్తు, అనుమానం ఉన్నచోట చదరపు బ్రాకెట్‌లో ప్రశ్నార్థకం. గుర్తులు మీ ఇష్టం, కానీ మొదటి పేజీలో ఏవి పెట్టుకుంటే చివరి పేజీలోనూ అవే ఉండాలి.

ఇప్పుడు ఒక చోట దగ్గరగా చూద్దాం. ప్రాణి కళ్లు తెరిచే ఘట్టం, నవంబరు రాత్రి. విక్టర్ తాను చేసిన ప్రాణి ముఖకవళికలను అందంగా ఉండేలా ఎంచుకున్నానని చెబుతాడు. అచ్చు పుస్తకంలో అక్కడి మాట 'బ్యూటిఫుల్'. చిత్తుప్రతి తెరిస్తే మేరీ రాసింది 'హ్యాండ్సమ్'. దాన్ని కొట్టేసి 'బ్యూటిఫుల్' చేసింది పెర్సీ. మీ నోట్స్‌లో అది ఇలా ఉండాలి: <హ్యాండ్సమ్> ^బ్యూటిఫుల్^, రెండోది పెర్సీ చేతిరాత.

ఈ ఒక్క దిద్దుబాటుతో ఏం చెప్పొచ్చు? ఆ మాట ఎంపిక పెర్సీదని చెప్పొచ్చు. 'బ్యూటిఫుల్' అనే మాట మీద ఆధారపడి మేరీ సౌందర్య దృష్టి గురించి రాసిన వాదం ఏదైనా ఉంటే దాన్ని కదపొచ్చు. కానీ 'ఈ నవల నిజానికి పెర్సీ రాశాడు' అనడానికి ఇది చాలదు. మేరీ ఆ మార్పును అచ్చులో ఉంచింది, 1831లోనూ తీసేయలేదు. అదీ సాక్ష్యమే. ఇలాంటి చోటే విద్యార్థులు ఒక మాట దొరికిన ఉత్సాహంలో మేడ కట్టేస్తారు.

చేతిరాత ఎవరిదన్న గుర్తింపు కూడా ఒక పరిష్కర్త తీసుకున్న నిర్ణయమేనని మర్చిపోకండి. పూర్తి మాట అయితే తేల్చడం తేలిక. ఒక కామా ఎవరు పెట్టారో తేల్చడం దాదాపు అసాధ్యం. విల్ఫ్రెడ్ ఓవెన్ యుద్ధకవిత 'యాంథమ్ ఫర్ డూమ్డ్ యూత్' చిత్తుల్లో కూడా రెండో చేయి ఉంది. శీర్షికలో 'డెడ్ యూత్' కాస్తా 'డూమ్డ్ యూత్' కావడం వెనక తోటి కవి సాసూన్ సలహా ఉంది.

6. రూపాలను పక్కపక్కన పెట్టి పోల్చండి

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో ముద్రణకి ఒక్కో నిలువు వరుస. మొదటి వరుసలో పాఠం ఉన్న చోటు. ఆఖరి వరుసలో మీ వ్యాఖ్య. వ్యాఖ్యను పాఠంతో ఎప్పుడూ కలపకండి. నెల తర్వాత ఏది మేరీది, ఏది మీది అన్నది మీకే తెలియదు.

మన ప్రశ్నకి ఇలా వస్తుంది. 1818లో ఎలిజబెత్ విక్టర్ మేనత్త కూతురు. 1831లో ఆమె మిలాన్ ప్రభువంశీకుడి కూతురు, కోమో సరస్సు దగ్గర ఒక పేద కుటుంబం పెంచుతుంటే విక్టర్ తల్లి చూసి తెచ్చుకుంటుంది. ఈ వెతుకులాటలోనే ఇంకోటి దొరుకుతుంది: 1818లో పిడుగు పడ్డాక విక్టర్‌కి విద్యుత్తు గురించి చెప్పేది తండ్రి. 1831లో ఆ పని ఇంటికొచ్చిన ఒక శాస్త్రజ్ఞుడిది. కుటుంబం గురించి వాదించేవాళ్లకి ఈ రెండు మార్పులూ కలిపి చూస్తే బలం వస్తుంది. వెతికింది ఒకటి, దొరికింది రెండు. ఆర్కైవ్‌లో అలా జరుగుతుంటుంది. అయితే రెండోదాని వెంట అప్పుడే పరుగెత్తకుండా వేరే షీట్‌లో రాసి పెట్టుకోండి.

అధ్యాయాల సంఖ్యలతో జాగ్రత్త. 1818లో ప్రతి సంపుటంలోనూ అధ్యాయాలు ఒకటి నుంచి మొదలవుతాయి. 1831లో వరసగా 24. నవంబరు రాత్రి ఘట్టం 1818లో మొదటి సంపుటం 4వ అధ్యాయం, 1831లో 5వ అధ్యాయం. 'నాలుగో అధ్యాయం' అని ఊరికే రాస్తే ఎవరికీ దొరకదు.

రెండు టైపు పాఠాలు మీ దగ్గరుంటే పోల్చే సాఫ్ట్‌వేర్ వాడొచ్చు, తేడాలకి రంగులు వేసి చూపిస్తుంది. కానీ దానికి స్కానింగ్ తప్పు, రచయిత మార్పు రెండూ ఒకటే. ప్రతి తేడానూ పేజీ బొమ్మలో చూసి నిర్ధారించుకోవాలి.

7. వెళ్లక తప్పకపోతే

ముందు ఈమెయిల్. ఆర్కైవిస్టులు సాయం చేయడానికి ఇష్టపడతారు, మీ పరిశోధన మీ బదులు చేయరు. 'షెల్లీ మీద మీ దగ్గర ఏమున్నాయి' అని రాస్తే కేటలాగు లింకు పంపిస్తారు. షెల్ఫ్‌మార్క్, ఫోలియో నంబరు (రాతప్రతిలో ఆకు సంఖ్య), మీరు చూడాలనుకున్నదేంటి, ఆన్‌లైన్ ప్రతిలో అది ఎందుకు తేలలేదు, ఏ తేదీల్లో రావాలనుకుంటున్నారు, ఇవి నాలుగు వాక్యాల్లో రాయండి. ఒకటి రెండు పేజీలే కావాలంటే ఫొటో తీసి పంపగలరా, రుసుము ఎంత అని అడగండి. చాలాసార్లు ప్రయాణం తప్పిపోయేది ఇక్కడే.

ఆన్‌లైన్‌లో బొమ్మలున్న ప్రతిని అసలు రూపంలో ఇవ్వడానికి లైబ్రరీలు ఒప్పుకోకపోవచ్చు. సిరా కింద కొట్టేసిన మాట, కాగితంలోని నీటిగుర్తు, కుట్టు దగ్గర దాగిన అక్షరాలు లాంటి బలమైన కారణం ఉంటేనే అడగండి. వస్తువులు వేరే గోదాములో ఉంటే తెప్పించడానికి రోజులు పడుతుంది, కాబట్టి ముందే ఆర్డర్ పెట్టుకోవాలి.

రీడింగ్ రూమ్‌లో పెన్ను నిషేధం, పెన్సిల్ మాత్రమే. బ్యాగు లాకర్‌లో పెట్టాలి. గుర్తింపు పత్రాలు ఏవి కావాలో ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి. సినిమాల్లో చూపించినట్టు తెల్ల గ్లవ్స్ వేసుకోవాలా అని అడుగుతుంటారు. కాగితానికి సాధారణంగా అక్కర్లేదు, శుభ్రంగా కడిగి ఆరిన చేతులే మేలు. గ్లవ్స్ వేసుకుంటే వేళ్లకి స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. పాత ఫొటోలకైతే గ్లవ్స్ ఇస్తారు.

ఫొటో తీయనిస్తే ప్రతి ఫొటోలోనూ షెల్ఫ్‌మార్క్ రాసిన చీటీ కనిపించేలా తీయండి. ఇది అనుభవంతో చెబుతున్నాను. ఒకసారి ఒక సేకరణలో రెండు రోజులు కూర్చుని రెండు వందలకి పైగా ఫొటోలు తీశాను, చీటీ పెట్టలేదు. ఇంటికొచ్చి చూస్తే ఏ ఉత్తరం రెండో పేజీ ఏ ఉత్తరానిదో తెలియలేదు. కొన్ని ఇప్పటికీ తేలలేదు.

8. తేదీ, అర్థం సరిచూసుకోండి

ఇంగ్లండ్‌లో 1752కి ముందు అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి '1731 ఫిబ్రవరి' అని ఉన్న ఉత్తరం మన లెక్కలో 1732 ఫిబ్రవరిది కావచ్చు. నోట్స్‌లో 1731/32 అని రాయండి. పైగా అప్పటిదాకా యూరప్ కంటే వెనక నడిచిన ఇంగ్లండ్ క్యాలెండర్‌ని సరిచేయడానికి, 1752లో సెప్టెంబర్ 2 తర్వాతి రోజును సెప్టెంబర్ 14 చేశారు. యూరప్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్య నడిచిన ఉత్తరాల్లో జవాబు ప్రశ్న కంటే ముందే రాసినట్టు కనిపిస్తే కంగారుపడకండి, కారణం ఇదే.

మాటల అర్థానికి ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఆ కాలపు ఉదాహరణలు చూడండి. అది అందుబాటులో లేకపోతే 1755 నాటి జాన్సన్ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. ఆస్టిన్ నవలల్లో 'క్యాండర్' అంటే మొహం మీద చెప్పేయడం కాదు, ఎదుటివాళ్లలో మంచినే చూసే గుణం. ఇప్పటి అర్థంతో చదివితే పాత్ర తలకిందులవుతుంది.

9. ఉదహరించడం, అనుమతులు

రాతప్రతికి కనీసం ఇవి ఉండాలి: ఊరు, లైబ్రరీ, సేకరణ, షెల్ఫ్‌మార్క్, ఫోలియో, ముందువైపా వెనకవైపా. తెర మీద చూసినదైతే ఆ మాట కూడా చెప్పండి, అసలు ప్రతి చూసినట్టు రాయకండి.

పాతది కదా, కాపీరైట్ ఉండదు అనుకోకండి. బ్రిటన్ చట్టం ప్రకారం, 1969కి ముందు చనిపోయిన రచయితదైనా సరే, 1989 ఆగస్టు నాటికి అచ్చుకాని రచనకి 2039 చివరిదాకా కాపీరైట్ ఉండవచ్చు. అంటే 18వ శతాబ్దపు ఉత్తరానికి కూడా. థీసిస్‌లో రెండు వాక్యాలు ఉటంకించడం ఒకటి, మొత్తం ఉత్తరాన్ని ప్రచురించడం ఇంకొకటి. హక్కుదారు ఎవరో తెలుసుకోవడానికి రాన్సమ్ సెంటర్, రెడింగ్ యూనివర్సిటీ కలిసి నడిపే 'వాచ్' అనే జాబితా ఉంది. లైబ్రరీ దగ్గర బొమ్మకి అనుమతి తీసుకోవడం, హక్కుదారు దగ్గర మాటలకి అనుమతి తీసుకోవడం రెండూ వేర్వేరు పనులు.

తరచూ జరిగే తప్పులు

అచ్చుతప్పును ప్రతిభ అనుకోవడం. ఎఫ్.ఓ. మాథీసన్ పేరున్న విమర్శకుడు. మెల్విల్ నవల ఒకదానిలో 'సాయిల్డ్ ఫిష్', అంటే మురికిపట్టిన చేప, అన్న ప్రయోగాన్ని 1941లో తెగ మెచ్చుకున్నాడు. మెల్విల్ రాసింది 'కాయిల్డ్ ఫిష్', చుట్టచుట్టుకున్న చేప. తర్వాతి ముద్రణలో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్ చేతిలో మురికైంది. 1949లో ఇది బయటపడింది. మొదటి ముద్రణ ఒక్కసారి తెరిస్తే పోయేది.

టైటిల్ పేజీ మీది తేదీని గుడ్డిగా నమ్మడం. ఎలిజబెత్ బ్యారెట్ బ్రౌనింగ్ సానెట్లు టైటిల్ పేజీ మీద '1847, రెడింగ్' అని ఉన్న ఒక చిన్న పుస్తకంగా కలెక్టర్ల చేతుల్లో తిరిగాయి. 1934లో కార్టర్, పొలార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు కాగితం పరీక్షించి, అలాంటి కాగితం 1847లో లేనే లేదని తేల్చారు. ఆ నకిలీ వెనక ఉన్నది టి.జె. వైజ్ అనే పేరుమోసిన పుస్తక సేకర్త.

రచయిత తన గురించి తాను చెప్పుకున్నదాన్ని రికార్డు అనుకోవడం. 1816 వేసవిలో కథ ఎలా తట్టిందో మేరీ చెప్పింది 1831 ముందుమాటలో, పదిహేనేళ్ల తర్వాత. 1816 గురించి అది జ్ఞాపకం. 1831లో మేరీ తనను తాను ఎలా చూపించుకోవాలనుకుందో దానికి మాత్రం ప్రైమరీ సోర్స్.

మిగిలినదే మొత్తం అనుకోవడం. జేన్ ఆస్టిన్ ఉత్తరాలు మనకి సుమారు 160 ఉన్నాయి. అక్క కసాండ్రా చాలా వాటిని తగలబెట్టింది. కవి బైరన్ రాసుకున్న జ్ఞాపకాలను 1824లో ప్రచురణకర్త కార్యాలయంలోనే కాల్చేశారు. 'ఆస్టిన్ ఈ విషయం ఎక్కడా ప్రస్తావించలేదు' అని రాసేచోట 'మిగిలిన ఉత్తరాల్లో' అని చేర్చండి.

పని సరిగా వచ్చిందో లేదో చూసుకోండి

ఎత్తిరాసిన పేజీని మరుసటి రోజు వెనకనుంచి ముందుకు, చివరి వరుస నుంచి మొదటి వరుసకి సరిచూడండి. అర్థం తోడులేకపోతే కన్ను అక్షరాలనే చూస్తుంది. ఇదివరకే ఎవరైనా ప్రచురించిన లిప్యంతరీకరణ ఉంటే, మీది పూర్తయ్యాకే తెరవండి. ముందే చూస్తే వాళ్ల తప్పు మీకూ అంటుకుంటుంది. తేడా వచ్చినచోట వెంటనే లొంగిపోకండి, బొమ్మను పెద్దది చేసి మీ అక్షరాల పట్టికతో మళ్లీ పోల్చండి. అయినా తేలకపోతే ప్రశ్నార్థకం అలాగే ఉంచడమే నిజాయితీ.

మీ వాదంలోని ప్రతి వాక్యం పక్కన అది నిలబడిన కాగితం పేరు పెన్సిల్‌తో రాయండి. ఏ కాగితమూ రాయలేకపోయిన వాక్యం మీ ఊహ. ఊహ ఉండొచ్చు, కానీ 'కావచ్చు' అన్న మాటతో ఉండాలి.

రెండు వారాలు ఆగి, నోట్స్ కాకుండా మీ ఫుట్‌నోట్ మాత్రమే చేతిలో పెట్టుకుని ఆ పేజీ మళ్లీ తెరవడానికి ప్రయత్నించండి. ఐదు నిమిషాల్లో అక్కడికి చేరకపోతే, షెల్ఫ్‌మార్క్ ఇంకా గుర్తున్నప్పుడే ఆ ఫుట్‌నోట్ దిద్దుకోండి.